మబ్బు వెనుక జ్యేష్ఠ

ధర్మవరంలో పట్టు నేసే ఇంటి కోడలు నాగలక్ష్మమ్మకు కళ్లలో శుక్లాలు కమ్మాయి. మగ్గం మీద పోగు తెగితే వేళ్లతో తడుముకునేది. పందొమ్మిది వందల అరవై రెండులో, ఎండలు ముదరక ముందే, భర్త శ్రీరంగప్ప ఆమెను అనంతపురం తీసుకుపోయి ఆపరేషన్ చేయించాడు. చైత్రంలో మందపాటి కళ్లద్దాలు వచ్చాయి.

ఆ సాయంత్రం దీపాలు పెట్టాక, ఆరేసిన చీర తేవడానికి మిద్దె ఎక్కింది. నైరుతి వైపు ఒక చుక్క అప్పుడే కడిగి పెట్టినట్టు మెరుస్తోంది. చీర భుజాన వేసుకుని అట్లాగే నిలబడిపోయింది.

పక్క మిద్దె మీద నాగప్ప అయ్యవారు చాప వేసుకుని కూర్చుని ఉన్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు.

"అయ్యవారూ, ఆ నైరుతి చుక్కకు పేరుండాదా?"

"లేకేమమ్మా! మృగవ్యాధుడు. రాత్రిపూట దాన్ని మించి వెలిగే నక్షత్రం ఇంగోటి లేదు."

ఆయన ఎంత సంబరంగా చెప్పాడంటే, ఆమెకు ఇంకోటి అడగబుద్ధయింది. మరునాడూ అడిగింది. అట్లా వంట ముగించి మిద్దె ఎక్కడం అలవాటైపోయింది. పిట్టగోడకు అటు ఆయన, ఇటు ఆమె.

"ఉత్తరాన సప్తర్షులు గరిటె మాదిరి ఉంటాయి సూడు. ఆ కాడ వంపు పట్టుకొని అట్లే తూర్పుకు రా. ఏం తగిలె?"

"కుంకుమపువ్వు రంగు చుక్క."

"అదే స్వాతి."

"స్వాతంటే కార్తె గదా సామీ?"

"సూర్యుడు ఆ చుక్క దిక్కుకు చేరే దినాలనే స్వాతి కార్తె అంటారు."

నాగలక్ష్మమ్మ పిట్టగోడకు మోచేతులు ఆనించి ఆ చుక్కనే చూసింది. ఆమె పుట్టిల్లు గార్లదిన్నె దగ్గర పల్లె. మఖ ఎండబెట్టె, చిత్త మోసం చేసె, స్వాతీ రాకపాయె అని నాయన చేను గట్టున కూర్చుని నిట్టూర్చేవాడు. ఆమెకు తెలిసినంతవరకు అవి రాని వానల పేర్లు. ఏ ఏడు వాన ఎగ్గొట్టినా, ఆ చుక్కలు మాత్రం తప్పకుండా వచ్చి వెలుగుతూనే ఉన్నాయన్నమాట.

ఆషాఢంలో ఒక సాయంత్రం అయ్యవారు ఆగ్నేయానికి చెయ్యి చాచాడు. "అదిగో, నిప్పు కణిక మాదిరి జ్యేష్ఠ. కనపడెనా?"

ఆమె అద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. "ఆడ మబ్బుండాది గదా సామీ."

ఆయన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"మీకు కనపడతా లేదా?"

"నాకూ శుక్లాలు కమ్మి రెండేండ్లాయె తల్లీ. దిక్కూ యాళా తెలుసు గదా, చెయ్యి అదే పోతాది."

"మరి ఆపరేషన్ చేయించుకోలేదేం?"

"కత్తంటే భయం. తోడొచ్చేవాళ్లు గూడా యాడుండారు?"

"నేనుండా. నేను చేయించుకొని రాలేదా? రేపే పోదాం పదండి."

శ్రీరంగప్ప మగ్గం ఆపి ఇద్దరినీ బస్సెక్కించుకుని పోయాడు. ఆపరేషనయ్యాక, కళ్లకు కట్లతో అయ్యవారు మంచం మీద కదలకుండా పడుకోవాల్సి వచ్చింది. పొద్దు గూకాక నాగలక్ష్మమ్మ ఆసుపత్రి వరండాలోకి పోయి, చూసి వచ్చి చెప్పేది. "చిత్త పడమటికి వాలింది. స్వాతి ఇంకా పైనే ఉండాది. జ్యేష్ఠకు ఈ పొద్దు మబ్బు లేదు సామీ, ఎర్రగా ఉండాది." ఆయన కట్ల కిందే నవ్వుకునేవాడు.

ఆశ్వయుజంలో అద్దాలు వచ్చాయి. చీకటి పడగానే ముగ్గురూ మిద్దెలెక్కారు, పిట్టగోడకు అటు ఆయన, ఇటు వీళ్లిద్దరూ. అయ్యవారు తలెత్తి, ఒక మూల నుంచి ఇంకో మూలకు ఆకాశమంతా వెతికి చూశాడు.

"శ్రవణం," అన్నాడు చివరికి. నడినెత్తికి చెయ్యి చాచాడు. "దానికి రెండు పక్కలా ఉండే సన్న చుక్కలు గూడా కనపడతాండాయమ్మా." ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయ్యో, నాకు మొక్కుతారా?" ఆమె గబుక్కున పిట్టగోడ మీదుగా ఆయన చేతులు దించింది. "డాక్టరు కండ్లిచ్చినాడు సామీ. వాటితో ఏం సూడాల్నో చెప్పింది మీరు."

శ్రీరంగప్ప ఇద్దరినీ చూశాడు. ఆ తరువాత తనూ తలెత్తి అడిగాడు, "ఏదే, నాకూ సూపీ. శ్రవణమంటే యాది?"