గంతల గదిలో ఫెలిసియానో

నాలుగో గంతల లోపలి స్పాంజిని ఫెలిసియానో పోమా స్పిరిటు గుడ్డతో తుడుస్తున్నాడు. ఒకరి చెమట ఇంకొకరి మొహానికి అంటకూడదని ఇంజనీరు ఆజ్ఞ. కాగితాల్లో వాటి పేరు వీఆర్ హెడ్‌సెట్లు. గనిలో ఎవరికీ నోరు తిరగక గంతలు అనేశారు. అవి కట్టుకుంటే ఎదురుగా ఉన్న గోడ కనపడదు, ఆరువందల మీటర్ల లోతున ఉన్న సొరంగం కనపడుతుంది. పేరు బాగానే కుదిరింది.

ఫెలిసియానోకి యాభై ఎనిమిదేళ్ళు. చూసినవాళ్ళు డెబ్బై అనుకుంటారు. పొట్టి మనిషి, ఛాతీ మాత్రం పీపా. ఎడమచేతికి చిటికెన వేలు లేదు. ముప్పై ఏళ్ళు లోపల రాతిదుమ్ము మింగాడు. ఊపిరితిత్తులు పనికిరావని డాక్టరు తేల్చాక కంపెనీ దయతలచి ఈ గదిలో వేసింది. గంతలు కట్టుకున్నవాళ్ళు గోడకి గుద్దుకోకుండా వెనకనుంచి నడుం బెల్టు పట్టుకుని తిరగడమే అతని పని. బతికున్నన్నాళ్ళూ భార్య, ఇవాళ ఎంతమందికి నడక నేర్పావయ్యా అని ఎగతాళి చేసేది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు కూడా లేరు.

ఇంజనీరు రెంజో, రాజధాని లీమా నుంచి వచ్చిన కుర్రవాడు. చెడ్డవాడేం కాదు. రాజధానిలో డాక్టర్లు ఈ గంతలతోనే కొయ్యడం నేర్చుకుంటున్నారని, కట్టని ఇళ్ళని ఇందులో చూపించి అమ్ముతున్నారని, విమానం నడిపేవాళ్ళ చదువు కూడా దీంతోనేనని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఫెలిసియానో వింటాడు. డాక్టరు తప్పు చేస్తే పోయేది రోగి, ఇక్కడ తప్పు చేసినవాడే పోతాడు కదా అనుకుంటాడు. పైకి మాత్రం అనడు.

గనిలోకి దిగాలంటే ఈ గదిలో నెగ్గాలి. గంతల సొరంగం పైకప్పులో వదులు రాళ్ళు ఇరవై ఉంటాయి. అవి నెత్తిన పడకముందే పోల్చుకుని, గడువులోగా చేతిలోని ప్లాస్టిక్ గునపంతో పదహారన్నా పొడవాలి. మూడుసార్లు తప్పితే ఇంటికే. గట్టి రాయి గునపం తగిలితే ఖంగుమంటుంది, వదులు రాయి సంతలో పగిలిన కుండ తట్టినట్టు డొల్లగా మోగుతుంది. గనివాడు పైకప్పుని చెవితోనే చూస్తాడు. గంతల్లో మాత్రం ఏ రాయిని పొడిచినా ఒకటే టక్కు. మొదటి వారంలోనే ఫెలిసియానో ఆ సంగతి రెంజోకి చెప్పాడు. వచ్చే మార్పుల్లో చేరుస్తారు అన్నాడు రెంజో. అది రెండేళ్ళ కిందటి మాట.

ఈలోగా ఫెలిసియానో తన మార్పు తాను చేసుకున్నాడు. ఆ ఇరవై రాళ్ళూ ఎప్పుడూ అక్కడే ఉంటాయి. అన్నీ అతనికి కంఠతా వచ్చు. తప్పేట్టున్నవాళ్ళ బెల్టు ఒకసారి గుంజితే ఎడమకి, రెండుసార్లు గుంజితే కుడికి. బిగించి పట్టుకుంటే, అక్కడే పొడువు అని. జాలితో మొదలుపెట్టాడు, తర్వాత అలవాటైపోయింది.

ఆ రోజు మొదటి పేరు జెనోబియా కార్వా. పదకొండేళ్ళుగా గని బయటి చెత్తగుట్టల మీద వడగళ్ళలో కూర్చుని వెండి ఉన్న ముడిరాయి ఏరుకున్న మనిషి. ఆడది కాలు పెడితే కొండకి కోపం వచ్చి వెండి దాక్కుంటుందని ఒకప్పుడు గనివాళ్ళు నమ్మేవాళ్ళు. ఫెలిసియానో కూడా నమ్మాడు. జెనోబియా తల్లి పని కోసం గేటు దగ్గరికొస్తే తరిమినవాళ్ళలో అతనూ ఉన్నాడు. ఆ సిగ్గు అతన్ని ఇంకా వదల్లేదు.

అతను దగ్గుతో పనికి రాని రోజుల్లో జెనోబియా రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరు. గంతలు కట్టుకుని, గునపం ఎత్తి, మొదటి రాయిని తట్టి ఆగింది. మళ్ళీ తట్టింది. తల పక్కకి వంచింది.

"బాబాయ్, ఇందులో రాళ్ళు పలకవేంటి?"

ఈ రెండేళ్ళలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఫెలిసియానో గుండె ఒక్కసారి పొంగింది. అవతల గడియారం మాత్రం పరుగెడుతోంది. గాజు తలుపు వెనక రెంజో తెర చూస్తున్నాడు. ఇలా ప్రతి రాయి దగ్గరా చెవి పెడుతూ నిలబడితే ఇంకో పది నిమిషాల్లో ఈమె మళ్ళీ గుట్టల మీదికే.

"చెవి వదిలెయ్యి తల్లీ," అన్నాడు మెల్లగా. "చూపు చాలు. నేను బిగించినచోట పొడువు."

ఆమె పొడిచింది. గుంజాడు, నడిచింది. బిగించాడు, పొడిచింది. పంతొమ్మిది రాళ్ళు. రెంజో లోపలికొచ్చి చేయి కలిపాడు. జెనోబియా గంతలు తీసి, చెమట మొహంతో నవ్వుతూ కార్డుకి ఫొటో దిగి, కార్డు సాయంత్రం ఇస్తారట, మధ్యాహ్నం షిఫ్టుకే దిగమన్నారు బాబాయ్ అంది. ఫెలిసియానో తన సంచీలోంచి లోపల బుగ్గన పెట్టుకుని నమలడానికి గుప్పెడు కోకా ఆకులు తీసి ఆమె చేతిలో పోశాడు. ఆ ఉదయం అతను మరో ఆరుగురి నడుములు పట్టుకుని తిరిగాడు. మధ్యాహ్నం ఉడికిన బంగాళదుంపలు, జున్నుముక్క తిన్నాడు. కాసేపు దగ్గాడు. కడుపు నిండిన మనిషిలా కూర్చుని కునికాడు.

నాలుగు గంటలకి ఎలియాస్ వచ్చాడు. జెనోబియాకి జతగా దిగిన పాత పనివాడు. టోపీ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"జెనోబియా పోయింది."

ఫెలిసియానో లేవలేదు.  ఎలియాస్ జరిగింది చెప్పాడు. కొత్తగా రాయి పేల్చిన చోటికి ఆమే ముందు నడిచింది. పైకప్పు చూడ్డానికి నున్నగా, ముచ్చటగా ఉంది. తట్టి చూడు, తట్టి చూడు అని వెనకనుంచి తను అరిచానన్నాడు.

"చూపు చాలన్నాడు బాబాయ్ అంది. నాలుగడుగులు వేసింది."

ఫెలిసియానో రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటివైపే చూశాడు. ఒకప్పుడు ఆమె తల్లిని గేటు దగ్గర తోసిన చేతులు.  

కాసేపటికి రెంజో వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. పొద్దునే పంతొమ్మిది రాళ్ళు పొడిచింది, శిక్షణలో లోపం లేదు, మనిషే ఏమరుపాటు పడిందని పైవాళ్ళు రాస్తున్నారని చెప్పాడు.

"ఆ మార్కులు ఆమెవి కావు సార్," అన్నాడు ఫెలిసియానో. "నావి. బెల్టు గుంజి నేను పొడిపించాను. తట్టి వినే మనిషిని నేనే చెవిటిదాన్ని చేశాను. అది రాయండి."

 రెంజో తలుపు దగ్గరగా వేసి, ఇంటికెళ్ళండి పెద్దాయనా, ఈ మాట బయట ఎక్కడా అనకండి అన్నాడు. ఫెలిసియానో టోపీ పెట్టుకున్నాడు. ఇంటివైపు తిరగలేదు. జెనోబియా వాళ్ళు ఉండే ఎగువ వీధివైపు దగ్గుకుంటూ, ఆగుతూ, ఎక్కసాగాడు. మర్నాడు గంతల గదికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఉదయం నెగ్గినవాళ్ళ కార్డులు అచ్చువేసే యంత్రం జెనోబియా పోయిన సాయంత్రం కూడా తన పని తాను చేసుకుపోయింది. ఆరుగురు వచ్చి తమవి తీసుకెళ్ళారు. ఏడోది ఇంకా బల్లమీదే ఉంది: జెనోబియా కార్వా, చెమట మొహంతో నవ్వుతున్న ఫొటో, కింద ఇరవైకి పంతొమ్మిది.