అత్త గింజలు

మా అత్త సోని, చింతపల్లి సంతలో విత్తనాలు అమ్మేది. అమ్మేది అనడమే గానీ, అడిగినంత పోసి "ఇంకో గుప్పెడు పట్టుకుపో" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఆమెను పాతిపెట్టిన రోజు కొండల మీది ఊళ్ల నుంచి జనం దిగారు. ఒక్కొక్కరూ కొంగులోనో తువ్వాల్లోనో గింజలు తెచ్చి నా చేతిలో పోశారు. సామలు, రాగులు, కందులు. చావింటికి తిండిగింజలు తేవడం ఇక్కడి ఆనవాయితీ కాబోలనుకున్నాను. సాలూరు నుంచి కోడలిగా వచ్చినదాన్ని, నాకేం తెలుసు? అన్నీ ఒకే బుట్టలో పోసి, దంచుదామని రోలు కడిగాను.

అత్త స్నేహితురాలు రాజకుమారి బేగి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు? ఇవి తినడానికి కావు. మీ అత్త ఇచ్చిన ఇత్తనాల పంట ఇది. మళ్లీ ఇత్తనానికని నీకు తెచ్చాం."

బుట్టలోకి చూసుకున్నాను. ఎన్ని రోజులు కూర్చుంటే ఏరగలను? ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

"ముందే చెప్పొచ్చు కదా. అన్నీ కలిపేశాను."

రాజకుమారి నవ్వింది. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది.

"కొండపోడులో మేం జల్లేది ఇలాగే గదే గుంటా. అన్నీ కలిపే జల్లుతాం. ఈసారి కలిపే పని నువ్వు సేసేసినావు."

వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు అందరికీ ఆ బుట్టలోంచే పోశాను. రాజకుమారి చాలంటూ కొంగు ముడేసుకోబోయింది.

"ఆగు పిన్నీ, ఇంకో గుప్పెడు పట్టుకుపో" అన్నాను.

ఆమె ముడి విప్పి, నా ముఖంలోకే చూస్తూ కొంగు పట్టింది.