హిల్ కాదు, గిల్

ఈడిత్ థార్న్‌గిల్ రోజూ పొద్దున్నే ఆవుల పాలు పితికి, టీ తాగి, గోడ చూసుకోడానికి వెళ్తుంది. యార్క్‌షైర్‌లోని మా లోయ నిండా రాయి మీద రాయి పేర్చిన గోడలే. ఈమె గోడలో మాత్రం ఇంటిపేరు థార్న్‌గిల్ అయిన మనిషికో రాయి. థార్న్ అంటే ముల్లు, గిల్ అంటే వాగు. ఆ ముళ్ళవాగు పక్కనే పుట్టిన ఇంటిపేరది, చర్చి గంట వినపడే మేర దాటి పెద్దగా పోలేదు. పదకొండు రాళ్ళు లోయలోవాళ్ళవి, అయిదు కొండవతలివాళ్ళవి, ఒకటి కెనడాది. ఆ పేరుతో బిడ్డ పుడితే రాయి వచ్చి కూర్చుంటుంది, మనిషి పోతే రాలుతుంది. పెళ్ళై పేరు మారిన ఆడపిల్ల రాయీ రాలుతుంది. మగాడి పేరు మారుతుందని ఎవరికి తోస్తుంది చెప్పండి?

ఆమె తమ్ముడు క్లెమ్ అక్కతో పోట్లాడి కొండవతల మిల్లుకి పోయాడు. మూడో వారానికి అతని రాయి రాలింది. పోయాడనుకుని ఈడిత్ చర్చిలో ప్రార్థన చేయించి, ఊరందరికీ పందిమాంసం, టీ పెట్టింది. నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను లెండి.

తరవాత రెండు ఉత్తరాలొచ్చాయి. కవరు వెనక ‘క్లెమ్ థార్న్‌హిల్’ అని ఎవరిదో చేతిరాత. క్లెమ్‌కి రాయడం రాదు. “చచ్చినవాడితో వేళాకోళమా!” అని, విప్పకుండానే, ‘ఈ మనిషెవరో నాకు తెలీదు’ అని రాసి తిప్పి పంపింది.

ముప్ఫై ఏళ్ళకి, ఒక ఏప్రిల్ పొద్దున, పోస్టుమన్ నోరిస్ గోడ దగ్గర నిలబడి కేకేశాడు.

“ఈడీ! మీ క్లెమ్ మళ్ళీ తన పాతచోటే ఎక్కి కూర్చున్నాడు!”

“పొద్దున్నే తాగొచ్చావా?” అంటూ వచ్చి చూసింది. “గిల్... హిల్...” అని గొణుక్కుంటూ బురదలోనే కూలబడింది. మధ్యాహ్నం బస్సుకే కొండ దాటింది.

మిల్లులో అడిగితే ఆ ఊరి ఆసుపత్రికి పొమ్మన్నారు. అక్కడ నర్సు చెప్పింది. “మిల్లు గుమాస్తా తప్పు రాశాడట, అప్పట్నుంచీ కాగితాల్లో అదే పేరు. నిన్న నేను పేరడిగితే ‘హిల్ కాదు తల్లీ, గిల్’ అన్నాడు. దిద్దాను. ఇంక ఎక్కువ రోజులుండడు. చూపు కూడా లేదు.”

ఈడిత్ మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

“ఎవరు? చర్చి తరపున వచ్చారా?” అన్నాడు క్లెమ్. “నాకెవరూ లేరండీ. ఒక అక్కుండేది, పోయింది. నోటిదురుసే గానీ ప్రాణం పెట్టేది.”

“పోయిందని ఎవరు చెప్పారు?”

“ఎవరో చెప్పాలా? బతికుంటే నా ఉత్తరం వెనక్కి పంపుతుందా?”

ఈడిత్ మంచం పక్కనున్న సూప్ గిన్నె చేతిలోకి తీసుకుంది.

“పంపదు,” అంది. “సూప్ చల్లారిపోతోంది, నోరు తెరువు.”