ఒకటికి పోవాలంటే పాస్

నా మనవరాలు రిత్విక మూడో తరగతి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన పెద్ద ప్రైవేటు బడి. పొద్దున నింపి పంపిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తుంటే, మొండితనం అనుకుని రోజూ తిట్టాను. పోయిన నెల జ్వరం వచ్చింది. ఒకటికి పోతే మంటని ఏడ్చింది. దవాఖానలో డాక్టరమ్మ, "పొద్దంతా ఆపుకుంటున్నది, అందుకే ఇన్ఫెక్షన్," అంది.

"ఎందుకు ఆపుకుంటున్నవే?" అని అడిగాను.

"క్లాసుకు ఒక్కటే పాస్ నానమ్మా. అది మెడల ఏసుకొని పోవాలె. ఒకలు తీస్కపోతే వాళ్లొచ్చేదాంక ఆగాలె. మల్లొకసారి అడిగితే టీచర్ అందరి ముందట నిలవెడ్తది."

నాకు ఒళ్లు మండింది. ఒకటికి పోవడానికి మెడలో బిళ్లా? గొడ్లకు కూడా ఇంత నిర్బంధం ఉండదు.

నేను చదివిన సర్కారు బడిలో చిటికెన వేలెత్తితే చాలు, సారు తలూపేవాడు. పోవడానికి గది మాత్రం లేదు. గోడ వెనక తంగేడు పొదలే దిక్కు. ఎనిమిదిలో పెద్దమనిషినయ్యాక ఆ పొదల్లోకి ఎలా పోను? బాపు బడి మాన్పించాడు. లెక్కల్లో నా వెనక ఉన్న మగపిల్లలు ఉద్యోగాలు చేసి ఇవాళ పింఛన్లు తీసుకుంటున్నారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. గది లేక నా చదువు పోయింది. తెల్ల టైల్స్ వేసిన గదులు వరసగా ఉండి కూడా దీని ఒళ్లు పాడవుతోంది.

బడికి పోయి గట్టిగా అడగమని నా కొడుకు పరమేష్‌తో అన్నాను. "అడిగితే పిల్ల మీద కోపం పెట్టుకుంటరమ్మా. జర గమ్మునుండు," అన్నాడు. తుర్కయాంజాల్‌లో కరెంటు సామాన్ల దుకాణం వాడిది. అక్కడ గిరాకీలతో గొంతు చించుకుంటాడు, బడి గేటు కాడ మాత్రం పిల్లి అయిపోతాడు.

ఈలోగా బడివాళ్లే పిలిచారు. గ్రాండ్ పేరెంట్స్ డే అట. తాతలు, నానమ్మలు స్టేజీ ఎక్కి తమ చదువు రోజుల గురించి చెప్పాలట.

ఆ రోజు పరమేష్‌ను వెంటబెట్టుకుని పోయాను. నా వంతు రాగానే ప్రిన్సిపాల్ మేడం మైకు చేతికిచ్చింది. "యాదలక్ష్మిగారూ, మీ రోజుల్లో ఏ సౌకర్యాలూ లేవు కదా. ఇప్పటి పిల్లలు ఎంత లక్కీనో మీరే చెప్పాలి."

"చెప్త మేడం," అన్నాను. "బడిల మరుగుదొడ్డి లేక నా చదువు బందయింది. మీ తాన మస్తున్నయి. ఉండి ఏం ఫాయిద? పిల్లల్ని పోనియ్యరు. నా మనవరాలు దవాఖాన పాలయింది. పిల్లలూ, ఇప్పుడు ఒకటికి వస్తున్నోళ్లు వేలెత్తుండ్రి!"

ముందు ఒకరిద్దరు ఎత్తారు. తర్వాత హాలు నిండా చిటికెన వేళ్లు లేచాయి. పెద్దలంతా నవ్వారు. అది నవ్వే విషయమా? మేడం కూడా నవ్వి మైకు తీసేసుకుంది. "నానమ్మగారు భలే జోకులేస్తారు! ప్రోగ్రాం అయ్యాక అందరూ వెళ్దురుగానీ."

నేను స్టేజీ దిగి నేరుగా రిత్విక దగ్గరికి పోయాను. దాని చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. చెయ్యి పట్టి లేపాను.

"దా, నేను తీస్కపోత. ఎవరడ్డమొస్తరో చూస్త."

అది చెయ్యి గుంజుకుంది. "వద్దు నానమ్మా! ఈ నెల నేను ఒక్కసారి గూడ పాస్ అడగలే. ఇప్పుడు నాకు బ్యాడ్జి ఇస్తరు. ఖరాబు చెయ్యకు."

అంతలోనే మైకులో దాని పేరు పిలిచారు. క్రమశిక్షణకు బ్యాడ్జి. రిత్విక మొహం వెలిగిపోతోంది. కాళ్లు దగ్గరికి బిగబట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ స్టేజీ ఎక్కింది. మేడం దాని గౌనుకు బ్యాడ్జి పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. దవాఖానలో దాన్ని ఎత్తుకుని ఏడ్చిన పరమేష్ కూడా కొట్టాడు.