తారీఖు అడిగే కంప్యూటర్

కోరుట్లలో సలావుద్దీన్ పొద్దున డీటీపీ షాపు తెరిచి ముందు ఊదుబత్తి వెలిగిస్తాడు, తర్వాత పాత కంప్యూటర్ స్విచ్ వేస్తాడు. పెళ్లికార్డులకు కొత్తది వేరే ఉంది. ఇది డాస్ మీద నడిచే ముసలిది. దీన్ని బతికించుకోవడం ఆయనకూ, సిరిసిల్లలో ఉండే దోస్తు ప్రభాకర్‌కూ పిచ్చి. జగిత్యాలలో ఎవరో ఫ్లాపీలు పారేశారంటే ఇద్దరూ బస్సెక్కి పోయి ఏరుకొచ్చేవాళ్లు. ఇంట్లో తిట్టని రోజు లేదు, వీళ్లు సిగ్గుపడ్డ రోజూ లేదు.

ఆ ముసలి కంప్యూటర్ లోపలి బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. అందుకే లేచినప్పుడల్లా తారీఖు అడుగుతుంది. చెప్పకుండా ఎంటర్ కొడితే 1980 జనవరి ఒకటి అనుకుంటుంది. అప్పుడు దాని ముందు కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎనభైలో ఎంతవాళ్లో అంతవాళ్లు అయిపోతారు. అంగడికొచ్చిన ముసలవ్వలు మోకాళ్ల నొప్పులు మరిచి కాసేపు కూర్చుని వెళ్లేవాళ్లు. ఎనభై తర్వాత పుట్టినవాళ్లను మాత్రం సలావుద్దీన్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. వాళ్లు కూర్చుంటే మాయమవుతారు, మళ్లీ తారీఖు కొట్టి పిలిస్తే తప్ప రారు.

సకల జనుల సమ్మె రోజులు. రాస్తారోకోలో పోలీసు జీపు అద్దం పగిలింది. ముందు వరసలో ఉన్న అఖిల మీద కేసు పడింది. బీడీలు చుట్టే సత్యవ్వ పెద్ద బిడ్డ, డిగ్రీ చదువుతోంది. తల్లీకూతుళ్లు పరుగున షాపులోకొచ్చారు.

"భాయ్, నా బిడ్డను దాయి!"

బయట జీపు ఆగింది. కరెంటు అప్పుడే వచ్చి, మెషిన్ తారీఖు అడుగుతోంది. సలావుద్దీన్ అఖిలను కుర్చీలో కూర్చోబెట్టి, ఎంటర్ కొట్టాడు.

ఎస్సై మూలమూలా వెతికాడు. కుర్చీ ఖాళీ. "యాడికి వోతది, రేపొస్త" అని వెళ్లిపోయాడు.

"తారీఖు కొట్టాల్నా అక్కా?"

సత్యవ్వ ఖాళీ కుర్చీని నిమిరింది. "కొడితే జైలుకే గద భాయ్. కేసులు ఎత్తేసేదాంక ఆడనే ఉండనియ్."

"గీ మధ్యల మెషిన్ బందైతే?"

"ఏమైతది?"

"నాకెర్క లేదక్కా."

ఆనాటి నుంచి సలావుద్దీన్‌కూ, సత్యవ్వకూ, సంగతి తెలిసిన ప్రభాకర్‌కూ కంటి మీద కునుకు లేదు. కరెంటు కోతలేమో పూటపూటకూ. బస్సులు బందైతే ప్రభాకర్ బండి మీద లారీ బ్యాటరీ కట్టుకొచ్చాడు. ఇన్వర్టర్ కుయ్యిమంటే సలావుద్దీన్ పరుగున పోయి బ్యాటరీ తీగలు చూసేవాడు. ఒకసారి మెషిన్ లోపలి ఫ్యాను ఆగిపోతే, కొత్తది దొరికేదాకా దోస్తులిద్దరూ వంతులేసుకుని విసనకర్రతో విసిరారు. సత్యవ్వ చాట తెచ్చుకుని కుర్చీ పక్కనే బీడీలు చుట్టేది. మెషిన్ చప్పుడు మారితే ఆమె చేతులు ఆగేవి. అఖిల కంటే రెండేళ్లు చిన్నదైన శ్రీలత చదువు ఆపి, ఇల్లంతా తనే చూసుకుంటూ తల్లికి సద్ది మోసుకొచ్చేది.

ఏళ్లు గడిచాయి. రాష్ట్రం వచ్చింది, కేసులు ఎత్తేశారు. సలావుద్దీన్ బిస్మిల్లా అనుకుని నడుస్తున్న తారీఖు కొట్టాడు.

అఖిల కుర్చీలో ఉంది, ఇంకా రొప్పుతూనే. బతకని ఏళ్లు ఆమె ఒంటికి పట్టలేదు.

"అవ్వా, పోయిండ్రా?"

"పోయిండ్రు బిడ్డా" అని సత్యవ్వ భోరుమంది. అఖిల తల్లి నెరిసిన జుట్టు చూసింది, ఆ పక్కన తనకంటే పెద్దదైపోయిన శ్రీలతను చూసింది. ఇప్పుడు ఎవరు ఎవరిని అక్కా అనాలో ఇద్దరికీ తెలియలేదు.

సత్యవ్వ కళ్లు తుడుచుకుని శ్రీలత వైపు తిరిగింది.

"ఇగ పెద్దదానివి నువ్వే. చెల్లె చెయ్యి వట్టుకొని ఇంటికి తోల్కరా."