మైలలో తేనెపెట్టె

"ఈసారికి వద్దులెండి ఆంటీ, మీరింకా..." అంది ఫోన్లో టీచరు కృష్ణప్రియ.

"తీసుకురండి" అంది శ్యామలాదేవి. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

ఏటా ఒకటో తరగతి పిల్లలకి తేనెటీగల పాఠం చెప్పేది ఆమె భర్త కుటుంబరావు. జగ్గయ్యపేటలో కిరాణా కొట్టు ఆయనది. తీరిక దొరికితే పెరట్లో తేనెపెట్టెల దగ్గరే ఉండేవాడు. శ్రావణంలో గుండె ఆగి పోయాడు.

వానల్లో పూలు తక్కువ. ఈగలకి పంచదార నీళ్ళు మనమే పెట్టాలి. కానీ ఆ తేనె శివాలయంలో అభిషేకానికి వెళ్తుంది కాబట్టి, మైలలో పెట్టెలు ముట్టుకోకూడదంది అత్తగారు దుర్గాంబ. నిజమేననుకుంది శ్యామలాదేవి. దేవుడి గది తలుపు వేశారు, పెట్టెల జోలికీ వెళ్ళలేదు. శుద్ధి అయ్యాక చూస్తే ఒక పెట్టెలో ఖాళీ తేనెపట్లు వేలాడుతున్నాయి. రెండోదాంట్లో గుప్పెడు ఈగలు మిగిలాయి. అప్పట్నుంచి రోజూ సాయంత్రం వాటికి పంచదార నీళ్ళు పోస్తోంది. ఏడుపు రాలేదు. ఆయన పోయిన రోజూ రాలేదు.

సాయంత్రం పిల్లలు వచ్చారు.

"దగ్గరికెళ్ళి ఊపిరి వదలకండి. వాటికి కోపం" అంది ఆమె. ఆయన మాటలే ఆమె నోట్లోంచి వస్తున్నాయి.

"తాతగారికి ముక్కు మీద కుట్టిందంట. బూరెలా వాచిందంట. మా అన్న చెప్పాడు" అన్నాడు నాగసాయి. అందరూ నవ్వారు. ఆమె కూడా పెదాలు కదిలించింది.

"గూట్లో పనంతా ఆడ ఈగలదే. తేనె తేవడం, పిల్లల్ని సాకడం, కాపలా."

"మరి మగ ఈగలో?" అంది మహిమ.

"కూర్చుని తింటాయి."

"మా నాన్నలాగా!"

కృష్ణప్రియ నవ్వాపుకోలేక అటు తిరిగింది.

నాగసాయి ఖాళీ పెట్టెలోకి తొంగి చూశాడు. "ఇందులోవి ఏవీ?"

"వెళ్ళిపోయాయి. తిండి లేక."

"నువ్వు పెట్టలేదా?" అంది మహిమ.

"మైలలో ఉన్నాం. ఇంట్లో మనిషి పోతే కొన్నాళ్ళు దేవుడివి ముట్టుకోకూడదు."

మహిమ కూడా ఖాళీ పెట్టెలోకి చూసింది. "ఆ సంగతి ఈగలకి తెలుసా అమ్మమ్మా?"

"దీని నోరు చూడు!" అంది అరుగు మీద నుంచి దుర్గాంబ.

"తెలియదేమో" అంది శ్యామలాదేవి.

పంచదార నీళ్ళ చెంబు తీసుకుని రెండో పెట్టె దగ్గరికి వెళ్తుంటే ఫోన్ మోగింది. ఆడపడుచు కమలాకుమారి. "వదినా, ముక్త్యాల రత్తయ్య బాబాయి పోయాడు. ఇప్పుడే తెలిసింది. మీకు మళ్ళీ మైలే. అమ్మకి చెప్పు."

చెప్పింది. దుర్గాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెంబు దించు శ్యామలా. తలకి పోసుకోవాలి."

దించింది. రత్తయ్యగారు మంచివాడు. పెళ్ళిలో ఆయనే దగ్గరుండి వడ్డించాడు. అది గుర్తొచ్చింది గానీ లోపల ఏమీ కదల్లేదు. పెట్టె గుమ్మంలో రెండు ఈగలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఈ మైల తీరేసరికి ఇవి ఉండవు.

"మహిమా, మీ ఇంట్లో మైల పడతారా?"

"మేం చర్చికెళ్తాం అమ్మమ్మా."

"అయితే ఆ చెంబు తియ్యి."

"అదేం పనే?" అంది దుర్గాంబ.

"నేను ముట్టుకోవడంలేదుగా అత్తయ్యా."

ఇది దేవుణ్ణి మోసం చెయ్యడమేమో. ఆ దేవుణ్ణే అడుగుదామంటే ఆయన గది తలుపు మళ్ళీ వేసెయ్యాలి.

కృష్ణప్రియ మూత ఎత్తింది. శ్యామలాదేవి చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి చెప్పింది. "లోపల కొబ్బరిచిప్ప ఉందా? మెల్లగా పొయ్యి. నాగసాయీ, ఆ పుల్లలు అందులో వెయ్యి. లేకపోతే మునిగిపోతాయి. పుల్లల మీద నిలబడి తాగుతాయి."

ఒక ఈగ పుల్ల మీదికి ఎక్కింది. దాని వెనక ఇంకొకటి.

"తాగుతోంది!" అని అరవబోయి, మహిమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "రేపు కూడా రానా?"

"రోజూ రావాలి. మైల తీరేదాకా."

శ్యామలాదేవి దేవుడి గది తలుపు వెయ్యడానికి లోపలికి కదిలింది. వెనక నుంచి దుర్గాంబ గొంతు వినిపించింది.

"ఏమే పిల్లా, మూత సరిగ్గా పెట్టించు. రాత్రికి వాన పడుద్ది."