పెద్దకోడలు చల్లారేదాకా

మా ఇంటికి నాకంటే ముందే వచ్చిన కోడలు ఒకతి ఉంది. మీగడ రంగు ఒళ్లు, గుండ్రటి దీపాలు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత నిండైన చప్పుడు. పాతకాలం కార్లను పెళ్లిళ్లకీ, వేడుకలకీ, సెలవురోజుల్లో కొండదారి షికార్లకీ అద్దెకివ్వడం మామయ్య మొదలుపెట్టిన వ్యాపారం. షెడ్డులో ఇంకా కార్లున్నా అత్తయ్యకి ఇదొక్కటే పెద్దకోడలు. "పెద్దదానికి ఎదురుచెప్పే నోరు లేదు, అదీ దాని గొప్ప" అనేది, నావైపు చూసి మరీ. నాకు ఒళ్లు మండేది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు షెడ్డులో పెట్టేటప్పుడు దాని గేరు కాస్త గట్టిగా లాగేదాన్ని.

మామయ్య పోయాక స్టీరింగు నా చేతికొచ్చింది. తుడిచే గుడ్డ మాత్రం అత్తయ్య ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడదే ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వెనక సీటు అద్దెకు తీసుకున్నవాళ్లది. ఇంటివాళ్లు దాన్ని తుడవచ్చు, దులపచ్చు, కూర్చోకూడదు. "అమ్మే మిఠాయి కొరికి పెడతామా?" అనేది. ఎందరో పెళ్లికూతుళ్లను ఎక్కించి, కుచ్చిళ్లు సర్ది, తలుపు వేసింది. తను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు.

ఈమధ్య ఆవిడకి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి సోమవారం ఆపరేషన్. చూపు నిలుస్తుందా అని నేను గట్టిగా అడిగితే డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. అత్తయ్య ఇంటికొచ్చి, గుడ్డ తీసుకుని కారు అద్దాలు తుడవడం మొదలుపెట్టింది. తుడిచినచోటే మళ్లీ తుడుస్తోంది.

"ఆ సరస్సు నిజంగా అంత బావుంటుందటే?" అంది ఉన్నట్టుండి.

కొండమీది సరస్సు గురించి. షికారు వచ్చినవాళ్లను అక్కడి బసలో దింపి, ఖాళీ బండితో తిరిగి రావాల్సిన మామయ్య ఎప్పుడూ చీకటిపడ్డాకే వచ్చేవారు. బండి వేడెక్కి మొరాయించిందనేవారు. కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్న అత్తయ్య నమ్మేది కాదు. "మీతో తిరిగి తిరిగి అది కూడా అబద్ధాలు నేర్చిందా?" అని దులిపేసేది. ఒకసారి నిన్నూ తీసుకెళతానని ఆయన, నాకిక్కడ పనిలేదా అని ఈవిడ. అలాగే రోజులు వెళ్లిపోయాయి.

అడిగితే రాదని నాకు తెలుసు. అందుకే శనివారం షికారుకి ఒక పెద్దావిడ బండి మాట్లాడుకుందని చెప్పాను.

"ఎలాంటి మనిషి?"

"మీ వయసే. కాస్త మొండి."

"అయితే జాగ్రత్త. అలాంటివాళ్లతో పడలేం."

నవ్వాపుకోవడానికి నేను టైర్లు చూస్తున్నట్టు వంగాల్సివచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆవిడ సీటంతా దులిపి, అద్దాలు మెరిపించి, గేటు దగ్గర నిలబడి వీధి వంక చూస్తోంది. నేను వెనక తలుపు తీశాను.

"ఎక్కండత్తయ్యా."

"ఆ పెద్దావిడ ఏదే?"

"ఎప్పుడో వచ్చింది. గేటు దగ్గరే నిలబడింది. తలుపు పట్టుకుని పట్టుకుని నా చెయ్యి నొప్పెడుతోంది."

అర్థమవడానికి కాసేపు పట్టింది. తర్వాత తిట్లు. సిగ్గులేదన్నది, కట్టుబాటు తెలియదన్నది, పెద్దకోడలైతే ఇలా చేసేది కాదన్నది. "ఇన్నేళ్లు తుడిచారు కదా, అది అద్దె కిందకి రాదా?" అన్నాను. ఆవిడ కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కింది. పరాయి ఇంటి కుర్చీలో కూర్చున్నట్టు సీటు అంచున కూర్చుంది.

ఊరు దాటాక దారి మెత్తబడింది. చెట్ల నీడలు ఒకదాని తర్వాత ఒకటి కారు లోపలికి వచ్చి, ఆవిడ ఒళ్లో కాసేపు కూర్చుని దిగిపోతున్నాయి. అద్దంలో చూశాను. వీపు మెల్లగా సీటుకి ఆనింది. దారిపక్క ఎవరో పిల్లలు చేతులూపారు.

"ఎవరికే?"

"మీకే."

ఆవిడ చెయ్యి సగం లేచి, ఎవరైనా చూశారేమోనని ఆగి, తర్వాత పూర్తిగా లేచింది.

కొండెక్కి సరస్సు ముందు ఆపాను. నీళ్ల మీంచి తెల్లటి పొగమంచు లేచి ఒడ్డుదాకా వచ్చి ఆగుతోంది. గాలి లేదు.

"ఒక్క క్షణం ఆ చప్పుడు ఆపవే" అంది అత్తయ్య.

ఎదురుచెప్పడం నాకు పుట్టుకతో వచ్చింది. ఆ ఒక్కసారి మాత్రం చెప్పలేదు. తాళం తిప్పేశాక గుర్తొచ్చింది. కొండెక్కి వచ్చిన వేడిమీద ఈ బండి ఇంజను ఆపకూడదు. ఆపితే పైపులో పెట్రోలు ఆవిరైపోతుంది, చల్లారేదాకా లేవదు. మళ్లీ తిప్పాను. దగ్గింది. ఇంకోసారి తిప్పితే అదీ లేదు.

"వేడెక్కి మొరాయించిందత్తయ్యా" అన్నాను.

వెనక నుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వే మెల్లగా ఏడుపైంది.

"నిజమే చెప్పారన్నమాట. ఎన్ని మాటలన్నానే ఆయన్ని!"

నేను వెనక్కి తిరగలేదు. కొన్ని ఏడుపులకి సాక్షులు అక్కర్లేదు. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని కిటికీ దించింది. సాయంత్రపు రంగు నీళ్లలోకి దిగుతోంది.

"నీళ్లెక్కడే? ఆకాశమెక్కడ? నాకు అంతా ఒకటిగానే కనిపిస్తోంది."

"నాకూ అంతే అత్తయ్యా. పొగలో కలిసిపోయాయి."

అది అబద్ధం కాదు. "అయితే సరే" అని ఆవిడ తృప్తిగా చూస్తూ ఉండిపోయింది. నాకు మాత్రం భయం వేసింది. సోమవారం తర్వాత ఆ కంటికి మిగిలేది ఇదేనేమో. ఇంకాస్త చూడనీ, ఇంకాస్త చూడనీ అని లోపల ఎవరినో బతిమాలుతున్నాను.

చాలాసేపటికి దిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. కుండలా చల్లగా ఉంది. తాళం తిప్పితే చాలు.

"చల్లారిందా?" అంది అత్తయ్య.

"లేదు. ఇంకా కాలుతోంది."

ఆవిడ తల బయటికి పెట్టి, కన్ను చికిలించి, నా చేతివైపే చూసింది.

"కాలుతుంటే చెయ్యి తియ్యవేమే?"

తేలు కుట్టిన దొంగలా అయింది నా పని. చెయ్యి తియ్యాలో ఉంచాలో కూడా తోచలేదు. ఆవిడ నా చేతినీ, సరస్సునీ మార్చిమార్చి చూసింది.

"అంటే ఆయన కూడా..." అని ఆగిపోయింది.

కోపం వస్తుందనుకున్నాను. ముఖంలో అది రానే లేదు. చిన్నగా, ఎవరినో పట్టేసినట్టు నవ్వింది. తర్వాత ఆ వెనక సీట్లోనే పక్కకి జరిగి, ఖాళీ అయినచోట చేత్తో తట్టింది.

"రావే, ఇలా వచ్చి కూర్చో. పెద్దకోడల్ని చల్లారనీ."

నేను అటువైపు తిరిగి వెళ్లి వెనక తలుపు తీశాను.